కరాటే నేర్చుకుంటున్న బిడ్డకు

హనుమకొండ

బిడ్డా,

మీ కరాటేలో మొహం మీద గుద్దడమే లేనప్పుడు అది ఫుల్ కాంటాక్ట్, అంటే దెబ్బ ఆపకుండా పూర్తి బలంతో కొట్టే ఆట, ఎట్లా అవుతుందని హాస్టల్లో ఏడిపిస్తున్నారని రాశావు. వాళ్లు చూసిన ఫైట్లన్నీ టీవీలోవే కదా.

ఆర్థో వార్డు నర్సుగా నాకు తెలిసింది చెప్తాను. సినిమాలో హీరో ఉత్త చేత్తో ఇరవై మంది దవడలు పగలగొట్టి, ఆ చేత్తోనే హీరోయిన్ కన్నీళ్లు తుడుస్తాడు. మా దగ్గరికి వచ్చే కుర్రాళ్లు కోపంలో ఒక్కసారి గోడను గుద్ది, చిటికెన వేలి కింది ఎముక విరిగి, చెయ్యి బూరెలా ఉబ్బి వస్తారు. ఇక వారాల తరబడి పిండికట్టే. మసుతత్సు ఒయామా మొదలుపెట్టిన మీ క్యోకుషిన్ కరాటేలో గ్లవ్స్ ఉండవు. అందుకే మొహం మీద గుద్దొద్దన్న రూలు నాకైతే సబబుగానే ఉంది. ఛాతీ మీద, పొట్ట మీద గుద్దులు, తొడ మీద తన్నులు, తలకు కూడా కాలు లేపొచ్చు. ఇది మెత్తటి ఆటా? కమిలిన నీ తొడ ఫోటో చూసి బాపు ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

తొడ మీద తన్ను టీవీకి పనికిరాదు. మనిషి ఎగిరిపడడు. ఒకే చోట పడగా పడగా కాలు మొండికేస్తుంది, అంత ఓపిక కెమెరాకు ఎక్కడిది? అందుకే సినిమాలో మనిషికి రోప్ కట్టి లాగుతారు, చప్పుడు తర్వాత కలుపుతారు. ఆ రోప్ మీద వేలాడే ఫైటర్లకూ ఎముకలు విరుగుతాయి, వాళ్ల కష్టం తక్కువని కాదు.

2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ కరాటే ఫైనల్ గుర్తుందా? సౌదీ ఆటగాడు తారెగ్ హమేది 4-1తో ముందున్నాడు. అతని తన్నుకు ఇరాన్ ఆటగాడు సజాద్ గంజ్‌జాదే స్పృహ తప్పితే స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. గోల్డ్ మాత్రం పడిపోయినతనికే! మన వాడలో అందరూ నవ్వారు. అది పాయింట్ల కరాటే, తన్ను అదుపులో ఉండాలి. నీ ఆటలో అయితే, అదే తన్నుకు అవతలి మనిషి మూడు సెకన్లు లేవకపోతే ఇప్పన్, అంటే పూర్తి పాయింటు, గెలుపు నీదే. రెండిటి పేరూ కరాటేనే అయితే చూసేవాళ్లకు తేడా ఎట్లా తెలుస్తుంది?

నా టెన్షన్ ఆ స్పృహ తప్పడం గురించే. సినిమాలో తలకు దెబ్బ తగిలి గతం మరిచిపోయినవాడికి రెండో దెబ్బతో అంతా గుర్తొస్తుంది. నిజంగా అయితే, మొదటిది మానకముందే తగిలే ఆ రెండో దెబ్బే ప్రాణం మీదకు తెస్తుంది. తలకు తగిలి కళ్లు తిరిగితే ఆ రోజుకు ఆట ఆపెయ్యి, సెమీఫైనల్ అయినా సరే. డాక్టర్ ఒప్పుకున్నాకే మళ్లీ మ్యాట్ ఎక్కు. వాంతులైనా, తలనొప్పి పెరిగినా, మత్తుగా ఉన్నా వెంటనే వార్డెన్‌కు చెప్పి ఆస్పత్రికి వెళ్లు. పడుకుంటే తగ్గుతుందిలే అనుకోకు. మీ మాస్టర్‌తో నేనే మాట్లాడతాను, సిగ్గుపడకు.

మానెయ్యమని అనను. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగ్ ప్రపంచ చాంపియన్ అయింది. వాళ్లింట్లో కూడా ఇట్లాగే భయపడి ఉంటారు.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు మౌత్‌గార్డ్ పట్టుకురా, పళ్లకు సరిగ్గా కూర్చుందో లేదో చూస్తాను. వదులుగా ఉంటే కొత్తది కొందాం. డబ్బులు బాపును అడుగు, నన్ను కాదు.

మీ అమ్మ