తెల్ల కార్డు ఒక్కటే అర్హత కాదు

సంపాదకులకు,

పేద పల్లె యువతకు ఉద్యోగ నైపుణ్యాలు నేర్పే కేంద్ర పథకం దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన. ఆ శిక్షణకు వచ్చే యువతను తెల్ల రేషన్ కార్డు లేదని వెనక్కి పంపడం తప్పు. పథకం 2016 మార్గదర్శకాల్లో అర్హతకు ఇతర దారులూ ఉన్నాయి. కుటుంబంలో ఎవరైనా గత ఆర్థిక సంవత్సరంలో కనీసం 15 రోజులు ఉపాధి హామీ పని చేసి ఉంటే చాలు. ఆ పని అభ్యర్థే చేసి ఉండనక్కర్లేదు. తల్లి స్వయం సహాయక సంఘంలో సభ్యురాలైనా సరిపోతుంది. వయసు 15 నుంచి 35. మహిళలకు, దివ్యాంగులకు 45 వరకు. ముప్పై ఆరేళ్ల ఒంటరి మహిళకు వయసు మీరిందని చెప్పడం మరీ అన్యాయం. పెళ్లయ్యాక పేరు పుట్టింటి కార్డులోనే మిగిలిపోయిన కోడళ్లకు అత్తింటి సంఘం పుస్తకమే ఆధారం కావాలి. ఈ ప్రత్యామ్నాయాలన్నీ ప్రతి గ్రామ సచివాలయం గోడ మీద తెలుగులో రాయించాలి.

— ఒక పాఠకుడు