ఆటో అబ్బాయికి ఏం కావాలి?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో అర్బన్ ఫాంటసీ అని వస్తున్న సీరియల్‌ని మొదటి వారం నుంచి చదువుతున్నాను. మా కర్నూలులో జరిగే కథ అని మొదలుపెట్టాను. రాజవిహార్ సెంటర్, కొండారెడ్డి బురుజు, కేసీ కెనాల్ గట్టు, అర్ధరాత్రి బస్టాండు, అన్నీ మేం రోజూ తిరిగే చోట్లే. అక్కడ మనుషులు కానివాళ్ళు కూడా తిరుగుతున్నారంటే ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని. పోయిన వారం భాగం చదివాక మాత్రం మనసు చివుక్కుమంది. అందుకే ఈ ఉత్తరం.

బురుజు కింద సొరంగంలో ఉండే ముసలాయన గురించి చెబుతున్నాను. ఆ సొరంగం తుంగభద్ర అడుగు నుంచి గద్వాల దాకా పోతుందని మా చిన్నప్పుడు పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. రచయిత దాన్ని చక్కగా వాడుకున్నారు. ఆయన కథలోని బస్సు కండక్టరమ్మాయికి తాళంచెవి ఇచ్చాడు, ఏ బస్సు ఎక్కకూడదో చెప్పాడు, వెంటపడినవాళ్ళని దారి మళ్ళించాడు. ఎందుకు చేస్తున్నాడన్నది ఇరవై ఏడు వారాలు గుట్టుగా ఉంచారు. తీరా చూస్తే అంతా లోకకల్యాణం కోసమట. ఇంతమాత్రానికి ఆయన సొరంగంలో దాక్కోవడమెందుకు? ఆ అమ్మాయికి మొదటి రోజే చెప్పేయొచ్చు కదా?

నేను 1991 నుంచి వన్‌టౌన్‌లో అద్దె పుస్తకాల షాపు నడిపాను. క్షుద్రశక్తుల నవలలు షెల్ఫులో ఒక్క రోజు కూడా నిలిచేవి కావు. తిరిగొచ్చిన పుస్తకాల మార్జిన్లలో పెన్సిల్ రాతలు ఉండేవి. ఒకదాంట్లో, మంత్రగాడు మొదటిసారి ఇంట్లోకి వచ్చే పేజీలో, "వీడు నీళ్ళు ముట్టలేదు, గమనించండి" అని ఎవరో రాశారు. దాని కింద వేరే చేతిరాతలో "అవును, నేనూ చూశాను" అని ఉంది. ఆ నీళ్ళ సంగతి కథలో తేలేది నూట యాభై పేజీల తర్వాత. చదవడం అయ్యాక మళ్ళీ వెనక్కి తిప్పి ఆ పేజీ వెతుక్కునేవాళ్ళు ఉంటారండీ. రహస్యం దాచేది వాళ్ళ కోసమే. మీ ముసలాయన కోసం నేనూ పాత ఆదివారాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఎక్కడా ఒక్క ఆనవాలు లేదు.

నలుడి కథలో కర్కోటకుణ్ణి చూడండి. కార్చిచ్చులో చిక్కుకున్న ఆ పాముని నలుడు ఎత్తుకుని బయటికి తెస్తాడు. అడుగులు లెక్కపెడుతూ నడవమంటుంది పాము. పదో అడుగు దగ్గర నలుడు "దశ" అనగానే కాటేస్తుంది. సంస్కృతంలో దశ అంటే పది, కాటు వెయ్యమనీ అర్థం. నలుడి అందం పోయి గుర్తుపట్టలేని రూపం వస్తుంది. కాపాడినవాణ్ణే కాటేసిందని మనకి ఒళ్ళు మండుతుంది. తర్వాత తెలుస్తుంది, ఆ విషం నలుణ్ణి ఏమీ చెయ్యదు, అతనిలో దూరిన కలిని కాలుస్తుంది. ఆ కురూపం అతనికి అజ్ఞాతవాసంలో అండ. పైగా పాముకీ తన అవసరం ఉంది. నలుడు వచ్చి కదిలిస్తేగాని దాని శాపం తీరదు. ఇదంతా తెలిసి వెనక్కి వెళ్తే ఆ పది అడుగులూ ఇంకోలా కనిపిస్తాయి. కలి కూడా ఊరికే దూరలేదు. దమయంతి నలుణ్ణి వరించిందన్న కక్షతో, ఒక్క పొరపాటు కోసం పన్నెండేళ్ళు కాచుకున్నాడు. నలుడు ఒకనాడు కాళ్ళు కడుక్కోకుండా సంధ్యవార్చడమే ఆ పొరపాటు.

అంత దూరం ఎందుకు, మన జిల్లా దేవరగట్టులో మణి, మల్లాసురుల కథే ఉంది. చనిపోతూ ఆ రాక్షసులు ఏటా నరరక్తం కావాలని అడిగారంటారు. ఇప్పటికీ దసరా రాత్రి బన్ని ఉత్సవంలో ఒకాయన తొడ మీద గాటు పెట్టుకుని కాస్త రక్తం ఇస్తాడు. రాక్షసుడికి కూడా ఫలానాది కావాలని ఉంది. మీ ముసలాయనకి అదే లేదు.

ఇక ఆటో అబ్బాయి. నీడ పడని ఆ పిల్లవాడు రాత్రిపూట డబ్బు తీసుకోకుండా అందరినీ ఎక్కించుకుంటాడు. దిగేటప్పుడు మాత్రం "మీది ఏ వీధి?" అని అడుగుతాడు. పదకొండో వారంలో ఒకసారి, పద్దెనిమిదో వారంలో రెండుసార్లు అడిగాడు. గీతలు పెట్టి ఉంచాను.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి మా ఊరిని ముంచాయి. నీళ్ళు తీశాక షాపు తలుపు తెరిస్తే, పుస్తకాలు ఉబ్బిపోయి ఒకదానికొకటి బిగుసుకుని షెల్ఫులోంచి ఒక్కటీ ఊడి రాలేదు. ఇనుప కడ్డీతో పెకలించాల్సి వచ్చింది. బయట అన్ని సందులూ ఒకే రంగు బురద. పుట్టి పెరిగినవాళ్ళే తమ గుమ్మం ఏదో తెలియక నిలబడిపోయారు. మా పక్కింటి పెద్దావిడ నన్ను అడిగింది, "అమ్మా, ఇది ఏ వీధి?" అని.

ఆ అబ్బాయి వెతుకుతున్నది తన ఇంటినేనని నాకు గట్టి నమ్మకం. రచయిత కూడా అలాగే అనుకుని ఆ ప్రశ్న పెట్టి ఉంటే చాలా సంతోషం. పెట్టకపోతే ఇప్పుడైనా ఆలోచించమని నా తరఫున చెప్పండి. వాడికి కూడా చివర్లో లోకకల్యాణం అంటగట్టవద్దు. వాడికి కావలసింది వాడి గుమ్మం. అది దొరికితే కండక్టరమ్మాయిని నట్టేట్లో వదిలేసి వెళ్ళిపోయినా సరే, నాకు వాడి మీద కోపం రాదు. వాడు ఇంతవరకు ఎవరికీ ఏమీ చెప్పలేదు కాబట్టి ఇంకా టైం ఉంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
వన్‌టౌన్, కర్నూలు