విదేశాంగ మంత్రి గారికి: గాండో పల్లె మట్టి బడి గురించి

గౌరవనీయులైన భారత విదేశాంగ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. 2015లో ఢిల్లీలో జరిగిన భారత్-ఆఫ్రికా శిఖరాగ్ర సదస్సులో మన దేశం అయిదేళ్లకు వెయ్యి కోట్ల డాలర్ల రాయితీ రుణాలు, 60 కోట్ల డాలర్ల గ్రాంటు ప్రకటించింది. 2023లో ఆఫ్రికా యూనియన్ జీ20లో చేరింది కూడా మన అధ్యక్షతన ఉన్నప్పుడే. ఈ స్నేహాన్ని చూసి సంతోషించేవాళ్లలో నేనూ ఒకణ్ణి. అక్కడి పల్లెల్లో మన సాయంతో కట్టేవాటిని ఎవరి చేత కట్టించాలన్నదే ఈ లేఖలో నా విన్నపం.

పశ్చిమ ఆఫ్రికా దేశమైన బుర్కినా ఫాసోలో గాండో అనే ఊరుంది. ఆ ఊరిపెద్ద గారి కొడుకు ఫ్రాన్సిస్ కెరె. ఊళ్లో బడికి వెళ్లిన మొదటి పిల్లవాడు ఆయనే. గాండోలో బడి లేదు కాబట్టి ఏడేళ్లకే ఇల్లు వదిలి పట్నం వెళ్లవలసి వచ్చింది. సెలవులు అయిపోయి తిరిగి వెళ్లే రోజున ఊరి ఆడవాళ్లు ఒక్కొక్కరే పిలిచి, బట్టలో దాచుకున్న చివరి నాణెం ఆయన చేతిలో పెట్టేవారట. ఎందుకిలా ఇస్తున్నారని తల్లిని అడిగితే, వీడు చదువుకుని ఊరికి మేలు చేస్తాడన్న ఆశతో తలా కొంచెం వేస్తున్నారని చెప్పిందట.

ఆయన ఆ బాకీ మరచిపోలేదు. వడ్రంగం నేర్చుకోవడానికి జర్మనీ వెళ్లి, తర్వాత బెర్లిన్‌లో వాస్తుశిల్పం చదువుతూనే 1998లో ఊరి కోసం ఒక స్వచ్ఛంద సంస్థను పెట్టారు. నేటి కెరె ఫౌండేషన్ అదే. 2001 నాటికి గాండోలో బడి లేచింది.

మట్టితో కడతానని చెప్పినప్పుడు ఊరంతా మొహం చిన్నబుచ్చుకుంది. మట్టి గోడ సంగతి వాళ్లకు తెలియనిదా? ఏటా వానకు కరిగిపోతుంటే మళ్లీ మెత్తుకునేది వాళ్లే కదా. అందుకే కెరె ముందు ఒక నమూనా కమాను కట్టి, దాని మీదకు మనుషుల్ని ఎక్కించి చూపించారు. అప్పుడు నమ్మారు. పిల్లలు పొద్దున్నే తలా ఒక రాయి మోసుకొచ్చారు, పునాదికి. మట్టిలో కొద్దిగా సిమెంటు కలిపి, చేత్తో నడిపే యంత్రంలో నొక్కి ఇటుకలు చేశారు. రేకుల కప్పును గదుల మీద నేరుగా వేయకుండా, ఇటుకల లోకప్పుకు బాగా ఎత్తున నిలిపారు. లోపలి వేడిగాలి పైకి లేచి ఆ సందులోంచి పోతుంది. కరెంటు లేని ఊళ్లో అంతకన్నా మంచి చల్లదనం ఏముంటుంది!

ఆ ఊరి ఆడవాళ్లు నేల కొట్టే దృశ్యాన్ని వీడియోలో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. వరుసగా నిలబడి, దిమ్మిసల్లాంటి చెక్కలతో ఒకే లయలో గంటల తరబడి మట్టిని అదుముతారు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని నున్నటి రాళ్లతో రుద్దుతారు. చివరికి ఆ నేల అద్దంలా తేలుతుంది. ఆ ఊళ్లో తర్వాత కట్టిన గ్రంథాలయానికైతే ఇళ్లలో చేసిన కుండలు నెత్తిన పెట్టుకుని తెచ్చి ఇచ్చారు. వాటిని కోసి పైకప్పులో కూర్చితే ఆ గుండ్రటి కంతలే వెలుగుకూ గాలికీ దారులయ్యాయి.

2004లో ఈ బడికి వాస్తుశిల్పానికిచ్చే ఆగా ఖాన్ పురస్కారం వచ్చింది. 2022లో కెరెకు వాస్తుశిల్పుల నోబెల్ అనిపించుకునే ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. దాన్ని అందుకున్న తొలి ఆఫ్రికా వ్యక్తి ఆయనే. వాటికంటే నాకు పెద్దదిగా కనబడే విషయం ఒకటుంది. ఆ బడి దగ్గర పని నేర్చుకున్న గాండో యువకులు ఇతర చోట్ల కట్టడాలకు వెళ్లి కూలి సంపాదించుకుంటున్నారు.

నేను ముప్పై ఏళ్లు సివిల్ ఇంజినీరుగా పనిచేశాను. ఒక మారుమూల పల్లెలో మేము కట్టించిన బడి స్లాబు రెండో వానాకాలానికే కారింది. గుత్తేదారు ఎప్పుడో వెళ్లిపోయాడు. ఊళ్లో దాన్ని బాగుచేయగలిగినవాళ్లు లేరు, ఎందుకంటే కట్టేటప్పుడు ఊరి మనిషిని ఒక్కరినీ పనిలోకి రానివ్వలేదు. మట్టి గోడలు పెట్టడంలో చేయితిరిగిన ముసలాయన ఒకరు రోజూ ఎదురింటి అరుగు మీద కూర్చుని మా పని చూస్తుండేవారు. వాన ఏ వైపు నుంచి కొడుతుందో ఆయనకు తెలుసు. మేము అడగలేదు. ఆ తప్పులో నా వాటా నాకుంది.

మంత్రి గారూ, ఈ పనికి కావలసినవన్నీ మన దగ్గరే ఉన్నాయి. రాజస్థాన్‌లోని తిలోనియా గ్రామంలో ఉన్న బేర్‌ఫుట్ కాలేజీకి ఆఫ్రికా పల్లెల నుంచి చదువురాని అమ్మమ్మలు వచ్చి, ఆరు నెలల్లో సౌర దీపాలు బిగించడం, బాగుచేయడం నేర్చుకుని వెళ్లారు. వాళ్లకు ఖర్చు పెట్టింది, ఇతర దేశాలవాళ్లకు శిక్షణ ఇప్పించడానికి మీ శాఖ నడిపే ఐటెక్ పథకమే. దీపాలకు చేసినదాన్ని గోడలకూ చేయండి. పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్‌లో ఉన్న ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ దశాబ్దాలుగా మట్టి ఇటుకల యంత్రాలను రూపొందిస్తోంది, మట్టి కట్టడాల్లో శిక్షణ ఇస్తోంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఈ ఇటుకల మీద ఎంతో పరిశోధన చేసింది. వీటిని ఐటెక్‌తో కలిపి ఆఫ్రికా పల్లెల మేస్త్రీలకు ఆరు నెలల శిక్షణ మొదలుపెట్టండి.

బుర్కినా ఫాసో ఇప్పుడు సాయుధ దాడులతో నలిగిపోతోంది. అక్కడి పల్లెలకు మన ఇంజినీర్లను పంపడం కష్టం. అక్కడివాళ్ల చేతుల్లోనే పనితనం ఉండాలనడానికి ఇదీ ఒక కారణం.

గ్రాంటుతో కట్టే ప్రతి బడి, ప్రతి ఆసుపత్రి ఒప్పందంలో రెండు మాటలు రాయించండి. పనిలో సగం కూలి ఆ ఊరివాళ్లకే దక్కాలి. అయిదేళ్ల తర్వాత మన అధికారి వెళ్లి, ఈ కప్పు కారితే ఎవరు ఎక్కుతారని అడిగితే, ఊరు ఒక మనిషిని చూపించగలగాలి.

మొదటి జట్టుకు పది మంది చాలు. అందులో సగం మంది నేల కొట్టే ఆడవాళ్లయితే మరీ మంచిది. మన శిక్షకులు ఆ పని వాళ్ల దగ్గర నేర్చుకుంటారు.

భవదీయుడు,
ఒక విశ్రాంత సివిల్ ఇంజినీరు