అసిటాబులేరియా చార్టులో కేంద్రకం తప్పు చోట ఉంది, సరిదిద్దండి

కొత్తపట్నం,
ప్రకాశం జిల్లా

గౌరవనీయులైన మేనేజర్ గారికి,

మీ సంస్థ అమ్మే హైస్కూలు జీవశాస్త్రం చార్టుల సెట్టును స్కూలు గ్రాంటు డబ్బుతో తెప్పించుకున్నాం. అచ్చు బాగుంది, లామినేషన్ గట్టిగా ఉంది. వాటితో పేచీ లేదు. అసిటాబులేరియా చార్టును మాత్రం క్లాసులో గోడకు తగిలించలేకపోతున్నాను.

అసిటాబులేరియా సముద్రపు నాచు. కొన్ని సెంటీమీటర్ల పొడవు పెరిగినా మొత్తం ఒకటే కణం. అడుగున రాయిని పట్టుకుని ఉండే వేళ్లలాంటి భాగం, దాని మీద సన్నటి కాడ, పైన గొడుగు. ఎదిగే దశలో దానికి ఉండేది ఒకే కేంద్రకం, అదీ అడుగు భాగంలో. మీ బొమ్మలో గొడుగు నడిమధ్యన ఎర్ర చుక్క పెట్టి, బాణం గీసి 'కేంద్రకం' అని రాశారు.

దీన్ని చిన్న అచ్చుతప్పు అనుకోవద్దండి. అదే చార్టు కింది సగంలో 1930లలో జర్మన్ శాస్త్రవేత్త హామర్లింగ్ చేసిన ప్రయోగాన్ని వేశారు. ఆయన గొడుగు కోసేస్తే మళ్లీ మొలిచింది. ఒక జాతి కాడను వేరే జాతి అడుగు భాగానికి అతికిస్తే మొదటి గొడుగు రెండింటికీ మధ్యరకంగా వచ్చినా, దాన్నీ కోసేశాక వచ్చింది అడుగు భాగం ఏ జాతిదో ఆ జాతి గొడుగే. కేంద్రకం అక్కడుంది కాబట్టే అలా జరిగింది. ఆకారాన్ని నిర్ణయించేది కేంద్రకమేనని పిల్లలకు ఇంత తేటగా చూపించే పాఠం ఇంకొకటి నాకు తెలియదు. చార్టు చూసి ఒక అమ్మాయి లేచి, "టీచర్, గొడుగుతో పాటు కేంద్రకం కూడా పోయింది కదా, మరి కొత్తది ఎలా మొలిచింది?" అని అడిగింది. బొమ్మను నమ్మితే ఎవరైనా అదే అడుగుతారు.

ఫోన్ చేస్తే మీ ఆఫీసువాళ్లు "గొడుగులోనూ కేంద్రకాలు ఉంటాయి మేడం" అన్నారు. ఉంటాయి, కాదనను. గొడుగు పూర్తిగా ఎదిగాక అడుగునున్న కేంద్రకం విభజన చెంది, పిల్ల కేంద్రకాలు కాడగుండా పైకి చేరతాయి. అది సంతానోత్పత్తి దశ. మీరు గీసింది ఒకే కేంద్రకం, పక్కనే వేసింది హామర్లింగ్ ప్రయోగం. ఆ సమాధానం ఇక్కడ చెల్లదు.

చార్టు పైన 'కణాలను మైక్రోస్కోపులోనే చూడగలం' అని పెద్దక్షరాల్లో వేయడం ఇంకో తప్పు. ఆ వాక్యం కిందనే కంటికి కనిపించే కణం బొమ్మ! వలోనియా అనే ఇంకో సముద్రపు నాచు కణం గోలీకాయంత, ఒక్కోసారి అంతకన్నా పెద్దగా కూడా పెరుగుతుంది.

మా బడిలో ఎక్కువమంది వేటకు వెళ్లే ఇళ్ల పిల్లలు. సముద్రం పేరు చెబితే చెవులు రిక్కించి వింటారు. ఇంట్లో సరిచూసుకోవడానికి వాళ్లకు వేరే పుస్తకాలుండవు, గోడ మీద ఉన్నదే నిజం. పరీక్షలో ఈ బొమ్మే గీస్తే మార్కులు పోయేది వాళ్లకే.

అందుకని వృక్షశాస్త్రం లెక్చరర్ ఒకరితో సరిచూయించి చార్టును మళ్లీ అచ్చు వేయించండి. మాకు కొత్తది ఉచితంగా పంపండి. ఈ సెట్టు కొన్న మిగతా బళ్లకూ సవరణ రాసి పంపండి, మా ఒక్క బడికి మార్చి ఊరుకుంటే ఒప్పుకోను. పాత చార్టును మీ ఖర్చుతో వెనక్కి తీసుకోవచ్చు. బిల్లు నకలు, చార్టు ఫోటో జతచేశాను. ఏం చేయబోతున్నారో ఫోన్లో కాకుండా రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు