గోడలో ఖాళీ వదలడం తెలిసిన మేస్త్రీలేరి?

సంపాదకులకు,

ఎండాకాలం రాగానే చల్లటి ఇళ్ల ప్రస్తావన వస్తుంది. వెంటే తిరువనంతపురంలో స్థిరపడి ఇళ్లు కట్టిన లారీ బేకర్ (1917–2007) పేరూ వస్తుంది. పక్కన ఎప్పుడూ ఒకటే బొమ్మ: పూత లేని ఎర్ర ఇటుక గోడ, దానికో జాలీ. అది చూసి కొందరు మామూలు తొమ్మిదంగుళాల గోడే కట్టి, ప్లాస్టరింగ్ ఒక్కటి మానేసి ‘బేకర్ ఇల్లు’ అంటున్నారు. ఇటుకా తగ్గలేదు, వేడీ తగ్గలేదు. ఆయన పనితనం ఎరుపులో లేదు, గోడ లోపలి ఖాళీలో ఉంది.

ఆయన వాడిన ఆ ఇటుకల అమరిక పేరు ర్యాట్ ట్రాప్ బాండ్. అందులో ఇటుకను పడుకోబెట్టరు, అంచు మీద నిలబెడతారు. 9×4×3 అంగుళాల ఇటుకైతే బయటొకటి, లోపలొకటి, నడుమ 3 అంగుళాల ఖాళీ. వెరసి అదే తొమ్మిదంగుళాల గోడ. రెంటినీ పట్టి ఉంచడానికి జతకో ఇటుక అడ్డంగా పడుతుంది. ఇటుకలు దాదాపు నాలుగో వంతు మిగులుతాయి, సిమెంటు మాలూ ఆదా. నడుమ గాలి ఎండ వేడిని అంత త్వరగా లోపలికి రానివ్వదు.

చెడేదల్లా మాలు పరిచేటప్పుడే. అది ఖాళీలోకి జారి గట్టిపడితే వేడికీ చెమ్మకీ దారి ఇచ్చినట్టే. ఖాళీ మీద చెక్కపట్టీ పెట్టి, మాలు పరిచాక దాన్ని తీసేసి పై వరస కట్టాలి. చదరపు అడుగు లెక్కన పని అప్పగిస్తే ఆ చెక్క మూడో వరసకే మాయమవుతుంది! పునాది మీది మొదటి వరస, కిటికీ అడుగు వరస, లింటెల్ (తలుపులు, కిటికీల మీది అడ్డ దిమ్మె) కింద, స్లాబు కింద వరసలు ఖాళీ లేకుండా గట్టిగా కట్టాలి. కరెంటు పైపులు గోడ లేస్తుండగానే ఖాళీలో దించాలి. తర్వాత గాడి కొడితే నిలబెట్టిన ఇటుక పగులుతుంది. ఊరి బట్టీ ఇటుక కొలతలు ఒక్కలా ఉండవు కాబట్టి వరస వంకర పోతుంది. మన దగ్గర దొరికే ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) ఇటుక ఈ పనికి మేలు.

స్లాబు సంగతీ ఇంతే. స్లాబు అడుగు భాగంలో లాగుడు బలాన్ని మోసేది ఇనుమే. అక్కడి కాంక్రీటు చాలావరకు ఉత్త బరువు. అందుకే బేకర్ ఊచల గళ్ల మధ్య మంగుళూరు పెంకులు (మనవాళ్లు బెంగళూరు పెంకులంటారు) ఒకదాని మీద ఒకటి జతగా పెట్టించారు. పెంకుల్ని ముందుగా నీళ్లలో బాగా నానబెట్టకపోతే కాంక్రీటులో తడి పీల్చేస్తాయి, బీటలు అక్కడే మొదలవుతాయి. గోడల మీద ఆనే అంచుల్లో పెంకు పెట్టకూడదు. ఊచల లెక్క ఇంజినీరు వేయాల్సిందే, పక్కింటి స్లాబు చూసి వేసేది కాదు.

తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం మంచిదే కానీ పేరుకు తగ్గట్టు కప్పుతోనే ఆగింది. పడమటి గోడ సాయంత్రమంతా వేడి కక్కుతుంటే కప్పుకు తెల్లరంగు వేసి ఏం చేస్తాం? రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ ఇళ్ల అంచనాల్లో ఇలా ఖాళీ వదిలి కట్టే గోడకు విడిగా రేటు ఇవ్వాలి. మేస్త్రీలకు శిక్షణ తరగతి గదిలో కాక, కడుతున్న ఇంటి దగ్గరే, చెక్కపట్టీ చేతికిచ్చి ఇప్పించాలి.

– ఒక సివిల్ ఇంజినీరు, రాజమహేంద్రవరం