లష్కర్ కథ తెలుగులో చెప్పండి: పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను జనం లష్కర్ అని పిలిచే సికింద్రాబాద్‌లో, రెజిమెంటల్ బజార్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. మా ముత్తాత పటాలానికి బట్టలు కుట్టే దర్జీ. ఆయన జ్ఞాపకంగా మా ఇంట్లో మిగిలింది ఒక కత్తెర, కొన్ని కబుర్లు. ఈ మధ్య మా అమ్మాయి అడిగింది: "నాన్నా, మన ఊళ్లో ఇంగ్లిషు వాళ్ల సైన్యం ఎందుకుంది? ఇది నిజాం రాజ్యం కదా?" నాకు తెలిసినంత చెప్పాను. పిల్లను తీసుకెళ్లి, ఇదిగో ఇదీ కథ అని తెలుగులో చూపించే చోటు మాత్రం ఊరంతా వెతికినా దొరకలేదు. అందుకే మీకు రాస్తున్నాను.

ఆ పిల్ల అడిగిన ప్రశ్న చిన్నది కాదు. ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ వాళ్లకు హైదరాబాద్ పరాయి రాజ్యం. 1795లో ఖర్దా దగ్గర నిజాం అలీ ఖాన్ మరాఠాల చేతిలో ఓడిపోయినప్పుడు ఇంగ్లిషు వాళ్లు సాయానికి రాలేదు. దాంతో ఆయన ఫ్రెంచి సేనాని రేమండ్ పటాలాలను నమ్ముకున్నాడు. మూసారాంబాగ్‌కు ఆ పేరు ఈ 'మూసా రేమూ' వల్లే వచ్చిందని పెద్దవాళ్లు చెబుతారు. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. అదే ఏడాది సెప్టెంబర్ 1న కంపెనీతో ఒప్పందం కుదిరింది. ఆరు పటాలాల కంపెనీ సిపాయిలు నిజాం రాజ్యంలో ఉంటారు, వాళ్ల ఖర్చుకు నిజాం ఏటా 24 లక్షల రూపాయలకు పైగా ఇస్తాడు, ఫ్రెంచి అధికారులను పంపించేస్తాడు. అక్టోబర్ కల్లా ఫ్రెంచి పటాలాల చేతుల్లోంచి ఆయుధాలు తీసేసుకున్నారు. మరుసటి ఏడాదే ఈ సైన్యం శ్రీరంగపట్నం మీదికి, టిప్పు సుల్తాన్ మీదికి నడిచింది. రక్షణ కోసం పెట్టుకున్న సైన్యం ఎవరి యుద్ధాలకు పనికొచ్చిందో అప్పుడే తేలిపోయింది.

తర్వాత జరిగింది తెలుగువాళ్లందరూ తెలుసుకోవాల్సిన సంగతి. ఏటేటా డబ్బు కట్టే బదులు భూమే ఇచ్చేయండి అన్నారు కంపెనీ వాళ్లు. 1800 అక్టోబర్‌లో మరో ఒప్పందం జరిగింది. టిప్పుతో యుద్ధాల్లో నిజాం వాటాకు వచ్చిన కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలు, కర్నూలు వైపు నేల, అన్నీ కంపెనీ పరమయ్యాయి. దత్తమండలాలు అన్న పేరు అలా వచ్చిందే. 1928లో నంద్యాలలో రాయలసీమ అన్న పేరు పెట్టుకునేదాకా ఆ ప్రాంతం మోసిన పేరు అది. అంటే సికింద్రాబాద్‌లో కవాతు చేసిన సైన్యం జీతానికి సీమ రైతు కట్టిన శిస్తు పూచీ అయింది. అక్కడి రైతు గురించి, ఇక్కడి లష్కర్ గురించి మన పిల్లలు వేర్వేరు పాఠాల్లో చదువుతారు. ఈ రెండూ ఒకే కాగితం మీద రాసుకున్న కథ అని వాళ్లకు ఎవరూ చెప్పరు.

హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన వెలసిన ఈ దండుకు 1806లో మూడో ఆసఫ్ జా సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరు పెట్టారు. జనం నోట మాత్రం లష్కరే, అంటే సైన్యం. చెరువుకు ఆవల నిజాం పాలన, ఈవల కంటోన్మెంట్ చట్టం. అక్కడ నిజాం నాణెం హాలీ సిక్కా, ఇక్కడ ఇంగ్లిషు వాళ్ల కల్దార్ రూపాయి. మా నానమ్మ చివరిదాకా గట్టి మాట ఇచ్చేవాణ్ణి 'కల్దార్ మనిషి' అనేది. రోజూ పికెట్ దగ్గర బస్సు దిగేవాళ్లు, లాల్ బజార్‌లో సామాను కొనేవాళ్లు, పరేడ్ గ్రౌండ్స్‌లో సభలకు వెళ్లేవాళ్లు ఒక సైన్యం వదిలిపోయిన మాటల మీదే నడుస్తున్నారు.

ఇక్కడున్నది తెల్ల సోల్జర్లు మాత్రమే కాదు. సిపాయిలు మద్రాసు సైన్యం వాళ్లు. అందులో తమిళులతో పాటు తెలుగువాళ్లు ఎంతోమంది. ఉత్తరాదిలో చాలాకాలం కంపెనీ సిపాయిని 'తిలంగా' అనే పిలిచారంటే మనవాళ్లు ఎంతగా ఆ కొలువులో చేరారో ఊహించండి. వాళ్ల వెంట దర్జీలు, చాకళ్లు, తోలు సంచుల్లో నీళ్లు మోసే భిస్తీలు, గడ్డి కోసేవాళ్లు, డోలీ బోయీలు, మొదలియార్ల వంటి తమిళ కాంట్రాక్టర్లు వచ్చారు.

ఉజ్జయిని మహంకాళి గుడి కథ మీకు తెలిసే ఉంటుంది. సైన్యంలో డోలీలు మోసే సురిటి అప్పయ్యను 1813లో ఉజ్జయినికి పంపారు. అప్పుడు ఊళ్లో కలరా. తన ఊరు చల్లగా ఉంటే అమ్మను ఇక్కడ నిలుపుతానని ఆయన మొక్కుకున్నాడు. తిరిగొచ్చి 1815లో కట్టె విగ్రహం ప్రతిష్ఠించాడు. లష్కర్ బోనాల మూలకథగా చెప్పుకునేది ఇదే. లక్షలమంది వచ్చే పండుగ ఒక డోలీ బోయీ మొక్కుతో మొదలైంది. పరాయి సైన్యం కొలువులో ఉండి ఊరి కోసం దణ్ణం పెట్టుకున్న మనిషి ఆయన. ఈ కథ తలుచుకున్న ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది.

డాక్టరు రోనాల్డ్ రాస్ సంగతీ అంతే. 1897 ఆగస్టు 20న దోమ పొట్టలో మలేరియా జాడ ఆయన కనిపెట్టింది ఈ దండు ఆసుపత్రిలోనే. 1902లో నోబెల్ వచ్చింది. ఆ దోమలు కుట్టింది హుస్సేన్ ఖాన్ అనే రోగిని. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. రాస్‌ను గౌరవించడం న్యాయమే. కానీ హుస్సేన్ ఖాన్‌ను కూడా పిల్లలు గుర్తుపెట్టుకోవద్దా?

ఆ తర్వాత చరిత్ర బరువైనదే. నిజాం ఖర్చుతోనే నడిచిన హైదరాబాద్ కంటింజెంట్ అనే రెండో సైన్యం బాకీల కింద 1853లో బీరార్ ప్రాంతం నిజాం నుంచి కంపెనీ చేతికి మారింది. 1857 జూలైలో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ కంపెనీ ప్రతినిధి అయిన రెసిడెంట్ ఉండే కోఠీ రెసిడెన్సీ మీద దాడి చేశారు. ఆ తిరుగుబాటు భయంతోనే తెల్లవాళ్లు తలదాచుకోవడానికి తిరుమలగిరిలో చుట్టూ కందకంతో ఎంట్రెంచ్‌మెంట్ అనే రక్షణ స్థావరం కట్టుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక, నిజాంకు, భారత ప్రభుత్వానికి మధ్య కుదిరిన 1947 నవంబర్ యథాతథ ఒప్పందం ప్రకారం భారత సైన్యం సికింద్రాబాద్ వదిలి వెళ్లింది. 1948 సెప్టెంబర్‌లో తిరిగొచ్చింది.

మంత్రి గారూ, కంటోన్మెంట్‌లోని పౌర ప్రాంతాలను నగరపాలనలో కలపాలన్న మాట కొన్నేళ్లుగా నడుస్తోంది. కలవడం వల్ల నీళ్లు, రోడ్లు బాగుపడితే మాకు సంతోషమే. కానీ అలాంటి సమయాల్లోనే పాత రిజిస్టర్లు మూలన పడతాయి, వీధుల పేర్లు మారిపోతాయి. ఒకసారి మా ముత్తాత వివరం కోసం ఒక ఆఫీసుకు వెళితే, పాత పుస్తకాలు చెదలు పట్టాయని పారేశామన్నారు. ఇంటికొచ్చి ఆ రాత్రి నిద్రపోలేదు.

నేను అడిగేది పెద్ద బడ్జెట్ పని కాదు. రక్షణ శాఖతో మాట్లాడి, మిగిలిన బజారు రిజిస్టర్లు, సమాధుల రికార్డులు వెంటనే స్కాన్ చేయించండి. 1798, 1800 ఒప్పందాలను మామూలు తెలుగులోకి తెప్పించి స్కూళ్లకు ఇవ్వండి. 80 ఏళ్లు దాటిన బజారు మనుషులు ఇంకా ఉన్నారు. వాళ్ల మాటలు రికార్డు చేయించండి. ఈ పని ఆలస్యమైతే మళ్లీ చేయలేం. దండులోని పాత భవనం ఒక్కటి ఇప్పిస్తే లష్కర్ మ్యూజియం పెట్టవచ్చు. బొల్లారంలో ఒకప్పటి రెసిడెంట్ బంగళా, నేటి రాష్ట్రపతి నిలయం, 2023 నుంచి మామూలు జనానికి ఏడాది పొడవునా తెరిచారు. అంత పెద్ద గేటు తెరుచుకున్నప్పుడు ఇది అసాధ్యమని నేను అనుకోవడం లేదు. ఆ మ్యూజియంలో జనరళ్ల చిత్రాలు పెట్టండి, వద్దనను. పక్కనే ఒక భిస్తీ తోలు సంచి, ఒక డోలీ, సీమ రైతు శిస్తు లెక్క కూడా ఉండాలి. మా ఇంటి కత్తెర ఇవ్వడానికి నేను సిద్ధం.

వచ్చే ఆషాఢ బోనాల లోపు ఒక్క పని చేయించినా చాలు. మహంకాళి గుడి వీధి మొదట్లో అప్పయ్య ఎవరో, ఈ ఊరిని లష్కర్ అని ఎందుకన్నారో చెప్పే తెలుగు బోర్డు ఒకటి పెట్టించండి. మా అమ్మాయిని తీసుకొచ్చి చదివిస్తాను.

ఇట్లు,
రెజిమెంటల్ బజార్ నివాసి ఒకరు,
సికింద్రాబాద్