రెండు బ్యాటరీల నడుమ నుంచి లాగిన తీగ

ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను లారీలకు, బస్సులకు కరెంటు పని చేసే మెకానిక్కుని. తుపాను సహాయానికి పంపే పెద్ద వాహనాల్లో వైర్‌లెస్ సెట్లు ఎలా బిగించాలన్నది మీ దృష్టికి తేవాలని రాస్తున్నాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు సెల్‌ఫోన్లు మూగబోయాయి. అలాంటి రోజున మాట మోసేది వైర్‌లెస్సే. వాహనాల్లో పెట్టే సెట్టుకు సాధారణంగా 13.8 వోల్టులు కావాలి. పెద్ద లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరసగా కలిపి ఉంచుతారు కాబట్టి అక్కడ ఉండేది 24. ఇంజను నడుస్తుంటే 28 దాకా పోతుంది. నేరుగా కలిపితే సెట్టు మాడిపోతుందని, రెండు బ్యాటరీల్లో ఎర్త్ వైపున్న ఒక్కదాని నుంచే తీగ లాగేస్తుంటారు. సెట్టు వెంటనే పలుకుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

సెల్ఫ్ తిరగడం లేదని ఒక టిప్పర్‌ను మా షెడ్డుకు కట్టి లాక్కొచ్చారు. సెట్టుకు తీగ ఇచ్చిన బ్యాటరీ బిరడాలు తీసి చార్జి ఎంతుందో చూపే హైడ్రోమీటర్ పెడితే, లోపలి గుండు అట్టడుగునే ఉండిపోయింది, అంటే చార్జి అయిపోయిందన్నమాట. పక్క బ్యాటరీలో నీళ్లు ఆవిరైపోయి ప్లేట్లు బయటపడ్డాయి. ఇంజను నడుస్తుంటే బ్యాటరీలను చార్జి చేసే ఆల్టర్నేటర్ రెండింటినీ కలిపి 28 వోల్టులు ఉన్నాయా అనే చూస్తుంది. ఒకటి చిక్కిపోతే ఆ లోటంతా రెండోదాని నెత్తిన పడి, అది మితిమీరి చార్జయి ఉడికిపోతుంది. చివరికి రెండూ పోతాయి. వరద నీళ్ల మధ్య ఇదే జరిగితే బండి కదలదు, సెట్టు పలకదు.

దీనికి మందు ఉంది: 24ను 13.8కి తగ్గించే కన్వర్టర్. అయితే ఏదో ఒకటి కొంటే సరిపోదు. 50 వాట్ల సెట్టు మాట్లాడే బటన్ నొక్కినప్పుడు 10 ఆంపియర్లకు పైగా లాగుతుంది. అంత కరెంటును తడబడకుండా ఇవ్వగలిగి ఉండాలి. నాసిరకం కన్వర్టర్ల గుర్రుమనే రొదలో దూరం నుంచి వచ్చే బలహీనమైన గొంతు కలిసిపోతుంది. ఆ గొంతు ఇంటి కప్పు మీద చిక్కుకున్నవారి కబురు కావచ్చు. కన్వర్టర్ చెడితే 24 వోల్టులు సెట్టులోకి దూకకుండా ఆపే రక్షణ ఉండాలి. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి.

సెట్లు కొనే టెండరు షరతుల్లోనే వీటిని చేర్చండి. ఒక్క బ్యాటరీ నుంచి తీగ లాగడాన్ని నిషేధించండి. ఇప్పటికే తిరుగుతున్న వాహనాలను తుపాన్ల కాలానికి ముందే చూడనివ్వండి. బ్యాటరీ పెట్టె మూత ఎత్తి, రెండింటినీ కలిపే కేబుల్ దగ్గర అదనపు తీగ ఉందేమో చూడటానికి ఐదు నిమిషాలు చాలు.

భవదీయుడు,
ఒక ఆటో ఎలక్ట్రీషియన్